జానెడు రాయలవారి కబాయి

పుణ్యం కోసం కాశీ వెళ్ళేవాళ్ళున్నారు. చల్లగాలి కోసం ఊటీ వెళ్ళేవాళ్ళున్నారు. మా కుటుంబం మాత్రం 2017 కార్తీకమాసంలో ఒక అంగీ కొలత కోసం లేపాక్షి వెళ్ళింది. ఆ అంగీ తొడుక్కోవలసిన పెద్దమనిషి ఎత్తు ఆరంగుళాలు. పేరు శ్రీకృష్ణదేవరాయలు.

నవ్వకండి. మొదటినుంచీ చెబుతాను.

మా కాలేజీలో ఏటా తెలుగు శాఖ తరఫున "భువనవిజయం" రూపకం వేస్తాం. అందులో పెద్దన వేషం పదేళ్ళుగా నాదే. పద్యం బాగా చదువుతానని కాదు, నిండుగా కనిపించే పొట్ట శాఖలో నాకొక్కడికే ఉన్నదని. దుస్తులు బెజవాడలో నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టునుంచి తెస్తాం. ముఖమలు కోటు, దాని నిండా చెమ్కీ పూలు, అద్దాలు కుట్టిన పాగా, ముక్కు పైకి తిరిగిన జోళ్ళు. అదే కోటు ముందు రోజు దుర్యోధనుడు తొడుక్కుని ఉంటాడు, మర్నాడు ఏ నవాబుగారో తొడుక్కుంటాడు. ఆ సంగతి మాకు తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు. ఎవరూ పట్టించుకోరు.

ఆ సంవత్సరం మా అమ్మ కూడా చూడటానికి వచ్చింది. ఇంటికి వచ్చి అన్నం పెడుతూ అడిగింది: "ఒరే అబ్బాయీ, నువ్వు తొడుక్కున్నది ఏ కాలం నాటి బట్టరా?"

"రాయలకాలం నాటిదమ్మా."

"హంపీ ఎండల్లో ముఖమలు కోట్లు తొడుక్కుని పద్యాలు చెప్పారా పాపం!"

నేను ఎం.ఏ. చదివినవాణ్ణి గదా, ఊరుకోలేకపోయాను. "అది నాటకానికిలే అమ్మా. అసలు ఆ రోజుల్లో కొలువుకు వెళ్ళేవాళ్ళు తలకు కుళ్ళాయి, ఒంటికి కబాయి వేసుకునేవారు" అన్నాను.

"అట్లా చెప్పు మరి. ఆ కబాయి ఎట్లా ఉంటుంది? ముందు తెరిచి ఉంటుందా, తలమీంచి తొడుక్కోవాలా? బొత్తాములా, ముడా? ముడైతే ఏ పక్క?"

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇరవయ్యేళ్ళుగా ఆ రెండు మాటలూ క్లాసులో చెబుతూనే ఉన్నాను. కుళ్ళాయి అంటే టోపీ, పారశీకపు "కులాహ్" నుంచి వచ్చింది. కబాయి అంటే అంగీ, అరబ్బీ "ఖబా" నుంచి వచ్చింది. శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటువులో, కన్నడ రాజు కొలువుకు వెళ్ళటానికి కుళ్ళాయి పెట్టుకోవలసివచ్చిందని కవి విసుక్కుంటాడు. ఇవన్నీ పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, నేను మార్కులు వేస్తాను. కాని దాని బొత్తాము ఎక్కడుంటుందని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

మా అమ్మ అడగటానికి కారణం ఉంది. ఆవిడ బొమ్మలకు బట్టలు కుడుతుంది.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళు మన వైపు చాలానే ఉన్నాయి. కాని మా ఇంటి కొలువులో బజారు బొమ్మలు తక్కువ. అమ్మ కొత్తకోడలుగా వచ్చిననాటినుంచి ఏటా ఒక కొత్త వరస తయారుచేస్తూ వచ్చింది. ఒక ఏడు పెళ్ళి, ఒక ఏడు సంత. మా నాన్నగారు బడిపంతులు గనుక ఒక ఏడు బెత్తంతో సహా ఆయన బడి. తిరగలి, రుబ్బురోలు, ఉట్టి, కవ్వం, విసనకర్ర, చంద్రవంక కత్తిపీట, అన్నీ బొటనవేలంత. పిల్లలం ముట్టుకుంటే దెబ్బలు తినేవాళ్ళం.

బొమ్మల ఒళ్ళు మాత్రం కొండపల్లినుంచి వచ్చేవి. మా ఊరికి అది పెద్ద దూరమేమీ కాదు. అక్కడివాళ్ళు తెల్లపొణికి అనే తేలిక కర్రతో బొమ్మ చెక్కుతారు. కర్రలో తడి పోయేదాకా ఆరబెడతారు. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు ఎక్కడున్నదో తరవాత కనుక్కోలేం. కొండపల్లి బొమ్మకు బట్ట ఉండదు, రంగే బట్ట. మేకవెంట్రుకల కుంచెతో పంచె అంచు ఒక్క గీతలో లాగేస్తారు. మా అమ్మ రంగు వెయ్యని ఒట్టి ఒళ్ళు కొనుక్కుని వచ్చి, వాటికి నిజంగానే బట్ట కడుతుంది.

ఆ రాత్రి ఆవిడ ఇంకో మాట చెప్పింది. పోయిన నెల కంటి డాక్టరుగారు గ్లకోమా అన్నారు. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలట. "ఈ సంక్రాంతికి రాయలవారి కొలువు పెడతాను. రాయలు, ఇద్దరు దేవేరులు, ఎనిమిదిమంది కవులు. మొత్తం పదకొండు. ఆ తరవాత సూది పట్టుకోను" అన్నది. అని, "నీకు తెలిసినవాళ్ళే గదా వాళ్ళంతా. బట్టల సంగతి నువ్వు చెప్పు" అన్నది.

నాకు తెలిసినవాళ్ళే. వాళ్ళు రాసినవి తెలుసు. వాళ్ళు ఏం తొడుక్కుని రాశారో తెలియదు.

ఇక్కడ బొమ్మల కొలతల గురించి నాలుగు మాటలు చెప్పాలి. అడుగుకు అంగుళం, ఇది ప్రపంచంలో బొమ్మరిళ్ళు కట్టేవాళ్ళు చాలామంది పాటించే లెక్క. కొత్త ఢిల్లీలో రాష్ట్రపతి భవనం కట్టిన లట్యెన్స్ దొరగారే, ఇంగ్లండు రాణి మేరీకోసం ఒక బొమ్మరిల్లు కూడా కట్టించాడు. 1924లో పూర్తయిన ఆ ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, దీపాలు వెలుగుతాయి. గ్రంథాలయంలో ఆనాటి రచయితలు స్వదస్తూరీతో రాసిచ్చిన చిట్టి పుస్తకాలున్నాయి. అదంతా అడుగుకు అంగుళం లెక్కే. ఆ ఇల్లు ఇప్పుడు విండ్సర్ కోటలో ఉన్నది. మా అమ్మ విండ్సర్ మాట వినలేదుగాని ఆవిడ లెక్కా అదే. ఆరడుగుల మనిషి ఆరంగుళాలు. ఆరుగజాల చీర పద్ధెనిమిది అంగుళాలు. నాలుగంగుళాల అంచు అంగుళంలో మూడో వంతు.

కర్రకూ మట్టికీ ఈ లెక్క సరిపోతుంది. బట్టకే సరిపోదు. మామూలు బట్టలో అంగుళానికి అరవై పోగులుంటాయనుకోండి. బొమ్మ ఒంటిమీద అది అదే బట్టలా కనిపించాలంటే అంగుళానికి ఏడువందల ఇరవై పోగులుండాలి. అంత సన్నని నేత నేసే మగ్గం లేదు. పైగా బట్ట కుచ్చెళ్ళు పడేది దాని బరువువల్ల. బొమ్మ పంచెకు బరువేదీ? కట్టగానే గొడుగులా విచ్చుకుని నిలబడుతుంది. అందుకే బజారులో బట్టకట్టిన బొమ్మలు చాలాభాగం గోనెసంచి చుట్టుకున్నట్టు కనిపిస్తాయి. అచ్చుబట్ట అయితే మరీ అన్యాయం. చీరమీది పువ్వు బొమ్మ తలకాయంత ఉంటుంది.

2009లో మేమంతా ఢిల్లీ వెళ్ళినప్పుడు శంకర్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం చూశాం. వ్యంగ్య చిత్రకారుడు శంకర్ చేతికి హంగరీ రాయబారి పిల్లల పోటీలో బహుమతిగా ఇమ్మని ఒక బొమ్మ ఇస్తే, ఆ బొమ్మమీద మనసుపడి ఆయన దేశదేశాల బొమ్మలు పోగుచెయ్యటం మొదలుపెట్టాడట. 1965 నవంబరు 30న మన రాధాకృష్ణన్‌గారే దానికి ప్రారంభోత్సవం చేశారు. మ్యూజియంవాళ్ళు ఆయా ప్రాంతాల కట్టూబొట్టూ పరిశీలించి మన దేశపు బొమ్మలు స్వయంగా తయారుచేయించారు కూడా. నేనూ మా ఆవిడా అన్ని దేశాలూ చుట్టి వచ్చేసరికి అమ్మ ఇంకా పెళ్ళికూతుళ్ళ అద్దాల బీరువా దగ్గరే ఉన్నది. "కుచ్చెళ్ళు బాగా నిలిపారు. తడిపి కట్టి ఉంటారు" అన్నది. ఢిల్లీ అంతా చూసి ఆవిడ చెప్పిన అభిప్రాయం ఆ ఒక్కటే.

ఆవిడ పద్ధతీ అదే. కొత్త బట్ట పనికిరాదు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి పోగు నలిగిపోయిన బట్ట కావాలి. దాన్ని తడిపి, బొమ్మ ఒంటిమీదనే కుచ్చెళ్ళు దిద్ది, దారంతో చుట్టి, పలచని గంజిచుక్క అద్ది, రాత్రంతా నీడలో ఆరనిస్తుంది. తెల్లవారి దారం విప్పితే కుచ్చెళ్ళు అట్లాగే నిలుస్తాయి. ఈసారి కబాయిలకని ఆవిడ పెట్టెలోంచి తీసినది మా నాన్నగారి పొందూరు పంచె. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ నూలు నూరో నంబరు దాకా వడుకుతారు. మన రాష్ట్రంలో చేతివడుకు బట్టల్లో అంతకంటే సన్ననిది నాకు తెలియదు. నాన్నగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ పంచెకు వయస్సు ముప్ఫై. చేతిలోకి తీసుకుంటే పావురం ఈకలా ఉన్నది.

"దీన్ని ఒక్కసారే కత్తిరిస్తాను. తప్పు కత్తిరిస్తే ఇంకో పంచె లేదు. ముడి ఎక్కడో తేల్చి చెప్పు" అన్నది.

అప్పుడు నేను లైబ్రరీలో కూర్చున్నాను. రాయలను కళ్ళారా చూసిన పోర్చుగీసువాడు పేయిస్ 1520 ప్రాంతంలో ఆయన దుస్తులు వర్ణించాడు. బంగారు గులాబీలు కుట్టిన తెల్లని బట్టలు, మెడలో వజ్రాల పతకం, తలమీద జరీ టోపీ. కాళ్ళకు మాత్రం జోళ్ళు లేవట! మా ముక్కు తిరిగిన జోళ్ళు తలుచుకుని సిగ్గుపడ్డాను. తిరుమల గుళ్ళో దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయల విగ్రహం అందరూ చూసినదే. తలమీద ఎత్తైన కుళ్ళాయి ఉన్నది, కాని దేవుడి ఎదుట గనుక ఒంటిమీద కబాయి లేదు, పంచె మాత్రమే. ఇక మిగిలింది లేపాక్షి. రాయల సవతి తమ్ముడు అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 దాకా ఏలాడు. ఆయన కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం కప్పుమీద, ఆ అన్నదమ్ములూ వాళ్ళ పరివారమూ కుళ్ళాయి కబాయిలతోనే కనిపిస్తారు. రాయల తరం గడిచీ గడవకముందు వేసిన బొమ్మలు. అంతకంటే దగ్గరి సాక్ష్యం ఇంకేం కావాలి?

"అయితే పోదాం పదండి" అన్నది అమ్మ, పక్కవీధికి పోదామన్నట్టు.

రాత్రి రైలెక్కి, ధర్మవరం మీదుగా వెళ్ళి మర్నాడు హిందూపురంలో దిగాం. అక్కడికి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. కర్ణాటక పొలిమేర గనుక బస్సులో ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడం. ఎర్రనేల, గుండ్రాళ్ళు, వేరుశెనగ పొలాలు. మా కృష్ణా కాలవల పచ్చదనం అలవాటైన కళ్ళకు ముందు బోసిగా తోచింది. కాసేపటికి ఆ రాళ్ళ అందం పట్టుబడింది.

ఊరి మొదట్లోనే నంది కనిపించాడు. ఒకే రాయి, పదిహేనడుగుల ఎత్తు, ఇరవయ్యేడడుగుల పొడవు. మెడలో గంటల పట్టెడ. అందరూ ఎంత పెద్దదని ఆశ్చర్యపడుతుంటే అమ్మ దగ్గరికి వెళ్ళి ఆ గంటల మువ్వలు తడిమి చూసింది. "పెద్దది చెయ్యటం ఏముందిలే, రాయి ఉంటే చాలు. ఇంత పెద్దదానికి ఇంత చిన్న పని చేశాడు చూడు, అదీ గొప్ప" అన్నది. నేను కాదనలేదు.

గుడి కూర్మశైలం అనే గుట్టమీద ఉన్నది. తాబేటి వీపులాంటి గుట్ట. లతామండపంలో స్తంభాల నిండా తీగలూ, పూలూ, హంసలూ. పలకకొక అల్లిక. ఈ అల్లికలే చీరల అంచుల్లోకి దిగాయి. మా అమ్మాయి గళ్ళకాగితం తీసి ఒక్కొక్కటే గీసుకోవటం మొదలుపెట్టింది. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. నాయనమ్మ సూదిలో దారం ఎక్కించే ఉద్యోగం దానిదే. వేలాడే స్తంభం కింద యాత్రికులు తువ్వాలు ఒక పక్కనుంచి దూర్చి ఇంకో పక్కకు లాగుతున్నారు, శుభమని. మా అమ్మ కొంగుముడి విప్పి, నమూనాకని తెచ్చుకున్న బెత్తెడు పొందూరు ముక్క తీసి దూర్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది.

పైకప్పులేని కల్యాణమండపం దగ్గర, దారి చూపిస్తున్న స్థానికుడొకాయన విరూపణ్ణ కథ చెప్పాడు. ఆయన రాజుగారి కోశాధికారి. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టిస్తున్నాడని ఎవరో చాడీ చెప్పారు. కళ్ళు పీకించమని ఆజ్ఞ అయింది. ఆ శిక్ష మరొకరు వెయ్యటమెందుకని విరూపణ్ణ తన కళ్ళు తనే పీకి గోడకేసి కొట్టాడట. గోడమీద రెండు ఎర్రని మచ్చలు చూపించారు. అందుకే మండపం సగంలో ఆగిపోయిందట. "లేప అక్షి" అని ఊరిపేరుకు అర్థం కూడా చెప్పారు. జటాయువును రాముడు "లే పక్షీ" అన్నాడని ఇంకో కథ ఉన్నది. ఊళ్ళ పేర్లకు పుట్టే కథలు ఎటువంటివో నేను క్లాసులో చెబుతుంటాను గనుక చరిత్ర, పుక్కిటిపురాణం అని ఏదో మొదలుపెట్టబోయాను. మా ఆవిడ నా మోచెయ్యి నొక్కింది. అమ్మ ఆ మచ్చలవంక చూస్తూ ఉన్నది. మాట్లాడలేదు. కొంచెంసేపటికి, "పద, లోపల ఆయన కబాయి ఎట్లా ఉన్నదో చూద్దాం" అన్నది.

లోపలి మండపం చల్లగా, కాస్త చీకటిగా ఉన్నది. తల ఎత్తితే కప్పంతా బొమ్మలు. ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, పార్వతీకల్యాణం, రామపట్టాభిషేకం. ఎర్రమట్టి, పసుపుమట్టి, సున్నపు తెలుపు, మసి నలుపు, అక్కడక్కడ ఆకుపచ్చ. నల్లని గీతతో ఆకారం కట్టి రంగు నింపారు. మనుషులంతా ఒక పక్కకు తిరిగి ఉంటారు, కళ్ళు పెద్దవి. ఆడవాళ్ళ కొప్పులు పక్కకు ఒరిగి ఉంటాయి. చీరలమీద చారలు, గళ్ళు, పూలు, ఎన్ని రకాలో! మరింత లోపల వీరభద్రుడి పెద్ద చిత్రం. అక్కడి కప్పుమీదే విరూపణ్ణ, వీరణ్ణ, పరివారం.

ఐదు నిమిషాలు చూసేసరికి మెడ పట్టేసింది. అమ్మ సంగతి చెప్పాలా? మెడ వంచితే కళ్ళు తిరుగుతాయి, వంచకపోతే కనిపించదు. ఇటు చూసింది, అటు చూసింది. చెంగు నేలమీద పరిచి వెల్లకిలా పడుకున్నది. పక్కనే మా అమ్మాయీ పడుకున్నది.

"అత్తయ్యగారూ, అందరూ చూస్తున్నారు" అన్నది మా ఆవిడ.

"వాళ్ళూ చూడటానికే గదమ్మా వచ్చింది" అన్నది అమ్మ, పడుకునే.

ఎవరో ముసలావిడ స్పృహ తప్పిందనుకుని కాపలామనిషి పరుగెత్తుకొచ్చాడు. సంగతి విన్నాడు. ఏమీ అనలేదు. వచ్చేవాళ్ళతో "పక్కనుంచి పొండి, పెద్దావిడ చిత్రం చూస్తున్నారు" అని చెబుతూ అక్కడే నిలబడ్డాడు.

దాదాపు గంటసేపు ఇద్దరూ అట్లా పడుకుని ఉన్నారు. చూపు చిన్నదానిది, ప్రశ్నలు పెద్దదానివి. "చేతులు ఎంతదాకా?" "మణికట్టుదాకా నాయనమ్మా." "కింద?" "పొడుగ్గా ఉంది. తెల్లగా, పలచగా." "టోపీ?" "ముఖమంత పొడుగు. మీద ముగ్గులాగా పని ఉంది." మనుమరాలు గీస్తున్నది, ఆవిడ ఊఁ కొడుతున్నది.

"ముడి?"

జవాబు లేదు. అక్కడ రంగు పలచబడిందో, మా కళ్ళకే అందలేదో, తేల్చుకోలేకపోయాం. అమ్మాయి ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. పెద్దది చేసినకొద్దీ మనిషి పోయి మరకలు మిగిలాయి. నేను కూడా చివరికి సిగ్గు విడిచి వెల్లకిలా పడుకున్నాను. లాభం లేకపోయింది.

రైల్లో తిరిగి వస్తూ అన్నాను: "ఎడమపక్క ఒక ముడి పెట్టెయ్యి అమ్మా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది గదరా" అన్నది.

ఇంటికి వచ్చాక నాలుగు రోజులు పంచె ముట్టుకోలేదు. ఐదోరోజు కత్తెర తీసింది. రాయలవారికి కబాయి కుట్టి, దానిమీద తన పెళ్ళిచీర జరీనుంచి లాగిన ఒంటిపోగుతో బంగారు గులాబీలు కుట్టింది. గులాబీ అంటే ఒక్క ముడి, అంతే. అడుగుదూరంనుంచి చూస్తే నిజంగా పువ్వే. పాతకార్డు ముక్క చుట్టి దానిమీద జరీగుడ్డ అతికి కుళ్ళాయి చేసింది. గసగసాలకు రంగు వేసి ముత్యాలు చేసింది. కాళ్ళు వట్టివి. దేవేరుల చీరలకు కొండపల్లి కుంచెతో మా అమ్మాయి లేపాక్షి గళ్ళు వేసింది. అంతా అయినాక, కబాయి ముడి ఉండవలసినచోట భుజంమీంచి ఒక కండువా వేసి, కదలకుండా రెండు కుట్లు వేసింది.

"ఇదేమిటమ్మా?"

"తెలిసినంతవరకు కుట్టాను. తెలియనిచోట కండువా కప్పాను. రేపెవరికైనా తెలిస్తే కండువా తీసి ముడి కుట్టుకోవచ్చు. తప్పు ముడి వేస్తే ఎవరూ విప్పరు."

నేను ఇరవయ్యేళ్ళుగా తెలియనిచోటల్లా నిఘంటువు కప్పాను. పిల్లలకు ఆ సంగతి చెప్పలేదు. అదే తేడా.

పుష్యమాసం వచ్చేసరికి రాయలు, దేవేరులు, ఆరుగురు కవులు సిద్ధమయ్యారు. ఏడో కవి కబాయి కుడుతూ ఉండగా అమ్మ వేలికి సూది గుచ్చుకుని తెల్లబట్టమీద నెత్తుటిచుక్క పడింది. బట్ట పక్కన పెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకున్నది. మళ్ళీ పెట్టుకున్నది. మళ్ళీ తీసింది. "ఇక చాలు. ఆ ఇద్దరినీ నువ్వు కుట్టవే" అని బట్ట మనుమరాలి ఒళ్ళో పెట్టింది. అది మూడురోజులు కూర్చుని కుట్టింది. కుట్లు పెద్దవి, వంకర కూడాను. అమ్మ వేలితో తడిమి చూసింది. విప్పమంటుందేమోనని అందరం ఊపిరి బిగబట్టాం. విప్పమనలేదు. "కండువాలు కొంచెం పెద్దవి వెయ్యి" అన్నది.

2018 సంక్రాంతికి కొలువు పెట్టాం. పేరంటానికి వచ్చినవాళ్ళు ముందు కొంత నిరాశపడ్డారనే చెప్పాలి. "రాయలవారికి కిరీటమేదండీ? కాళ్ళకు జోళ్ళేవీ?" అన్నారు. మా అమ్మాయి పేయిస్ సంగతీ, లేపాక్షి సంగతీ చెప్పింది. నాకంటే బాగా చెప్పింది. వంకరకుట్ల కవులెవరో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. నేనూ చెప్పను.

ఆ ఏడాది భువనవిజయానికి నేను ముఖమలు కోటు వద్దన్నాను. పెద్దన బొమ్మను కాలేజీ దగ్గరి దర్జీ ముందు పెట్టి, ప్రతి కొలతనూ పన్నెండుతో హెచ్చించమన్నాను. అతను మొదట నన్నూ, తరవాత బొమ్మనూ చూసి, పొట్ట కొలత మాత్రం విడిగా తీసుకుంటానన్నాడు. తెల్లని కబాయి, ఎత్తు కుళ్ళాయి, భుజంమీద కండువా, వట్టి కాళ్ళతో రంగంమీదికి వెళ్ళాను. మిగతా ఏడుగురూ చెమ్కీలతో ధగధగలాడుతున్నారు. వెనక వరసలో ఎవడో "ఆ కాంపౌండరెవర్రా?" అన్నాడు. హాలంతా నవ్వింది. మొదటి పద్యం అయ్యేదాకా నవ్వు ఆగలేదు.

అమ్మ మొదటి వరసలోనే కూర్చున్నది. అప్పటికి అంతదూరాన ముఖాలు ఆనవాలు పట్టలేకపోతున్నది. చెమ్కీ మెరుపులు కళ్ళలో గుచ్చుకుంటున్నాయని పక్కనున్న మనుమరాలితో అన్నదట. ఆ తరవాత అడిగిందట: "ఆ తెల్లగా కనిపిస్తున్నది మీ నాన్నేనా?"

"అవును నాయనమ్మా."

"అయితే సరే" అని, కుర్చీలో వెనక్కి ఆనుకుని పద్యం విన్నదట.